ఫిజిక్స్ స్టేషన్ మాస్టారు

మా ఫిజిక్స్ సారు పోయారని మొన్న మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. పది నిమిషాల్లో అరవై దండాలు పడ్డాయి. 'సార్ లేకపోతే నేను లేను' అని ఒకడు రాశాడు. రెండేళ్ళలో వాడు సార్ క్లాసుకి వచ్చింది నాలుగుసార్లో ఐదుసార్లో. అంటే సార్ లేకుండానే వాడు చాలాకాలం నిక్షేపంగా ఉన్నాడన్నమాట. ఇంకొకడు ఎక్కడో ఫోటో వెతికి తెచ్చి, దానికి దండ వేసి, కింద దీపం కూడా వెలిగించి పెట్టాడు. తీరా చూస్తే అది కెమిస్ట్రీ సారు ఫోటో. రెండు గంటలపాటు అందరం ఆయనకే నివాళులు అర్పించాం. చివరికి తునిలో ఉంటున్న ఆ కెమిస్ట్రీ సారే ఎవరికో ఫోన్ చేసి, తను బతికే ఉన్నానని చెప్పుకోవలసి వచ్చింది.

అసలు మనిషి ఫోటో ఎవరి దగ్గరా లేదు. గ్రూప్ ఫోటో తీయించిన రోజున అందరూ రమ్మని పిలిస్తే, "ఆ అరగంటలో ఒక లెక్క అయిపోతుందండి" అని ఆయన క్లాసులోనే ఉండిపోయారు. ఫోటో లేదు కాబట్టి నాకు గుర్తున్నంత మేరకు రాసి పెడుతున్నాను. పొగడటానికి మాత్రం కాదు. పొగిడితే ఏ ఆధారంతో పొగిడారో వరసగా చూపించమనే మనిషి ఆయన.

మాది కొవ్వూరు. మా నాన్న గోదావరి మీద వేటకి వెళ్తాడు. మా అమ్మ ఆ చేపల్ని నిడదవోలు బజారులో అమ్ముతుంది. నా కాలేజీ కూడా నిడదవోలులోనే. పొద్దున పాసింజరులో అమ్మ తట్టలతో ఒక పెట్టెలో ఎక్కేది, నేను పుస్తకాలతో ఇంకో పెట్టెలో ఎక్కేదాన్ని. కాలేజీకి చేపల వాసనతో వెళ్ళకూడదని అమ్మే పెట్టిన రూలు అది. సారు రాజమండ్రి నుంచి అదే బండికి వచ్చేవారు. కిటికీ పక్కన కూర్చుని, అరిగిపోయిన సుద్దముక్క ఒకటి చెవి మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉండేవారు. నిద్రపోతున్నారని మేము గుసగుసలాడుకుంటే, కళ్ళు తెరవకుండానే, "నేను వింటున్నానండి, తమరు కానివ్వండి" అనేవారు.

ఆయన ఎవర్నీ నువ్వు అని అనలేదు. పదిహేడేళ్ళ పిల్లల్ని కూడా తమరు అనేవారు, మీరు అనేవారు, మాట చివర అండి తగిలించేవారు. మా వైపు మర్యాద ఎక్కువని అందరికీ తెలుసు. కానీ ఆ మర్యాదతో మనిషిని ఎంతగా చిన్నబుచ్చవచ్చో ఆయన దగ్గరే చూశాను. వేరే లెక్చరర్లు గాడిదా అంటే నవ్వుకుని కూర్చునేవాళ్ళం. ఈయన "తమరు ఈ పరీక్ష రాయకుండా ఉంటే దేశానికి కాగితం మిగిలేదండి" అంటే రెండురోజులు అన్నం సహించేది కాదు.

పరీక్ష పేపర్ల మీద ఆయన మార్కులు వేసేవారు కాదు, స్టేషన్ల పేర్లు రాసేవారు. ఎనిమిది మార్కుల జవాబంటే ఆయన లెక్కలో నిడదవోలులో బయల్దేరి గోదావరి దాటి రాజమండ్రి చేరడం. మొదటి మెట్టులోనే తప్పితే 'బ్రాహ్మణగూడెం'. ఇంకాస్త లాగితే 'చాగల్లు'. చివరికొచ్చి తడబడితే 'కొవ్వూరు, బ్రిడ్జి ఎక్కలేదు'. ఏమీ రాయనివాడికి 'ప్లాట్‌ఫాం మీదే ఉన్నారు'. ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకోటి రాసినవాడికి 'భీమవరం బండెక్కారు'. నిడదవోలు జంక్షన్ కాబట్టి ఆ సదుపాయం కూడా ఆయనకు ఉండేది. మేమంతా ఆ లైను మీద రోజూ తిరిగేవాళ్ళమే కనుక ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మేము ఆయనకి స్టేషన్ మాస్టారని పేరు పెట్టుకున్నాం.

ఆయనకు మా పేర్లు గుర్తుండేవి కావు. ఎవరెక్కడ దిగిపోతారో మాత్రం గుర్తుండేది. క్లాసులో "చాగల్లు గారూ, లేవండి" అంటే ఫలానా వాడు లేచేవాడు. నన్ను "పసివేదల గారూ" అనేవారు. పసివేదల మా కొవ్వూరుకి ముందు స్టేషను. అంటే ఫిజిక్స్‌లో నేను రాజమండ్రి సంగతి అలా ఉంచి, మా ఇంటికి కూడా చేరలేదు.

చేరకపోవడానికి నా కారణాలు నాకున్నాయి. పదో తరగతి దాకా నేను తెలుగు మీడియం. భౌతికశాస్త్రం అని ఒకటి చదివాను, ఫరవాలేదు, మాటామంతీ ఉండేది. ఇంటర్‌కి వచ్చేసరికి అదే ఫిజిక్స్ అని పేరు మార్చుకుని, నన్ను ఎప్పుడూ చూడనట్టు మొహం పెట్టింది. మనిషెవరైనా ఇలా రెండు పేర్లతో తిరిగితే పోలీసులు పట్టుకుంటారు. సబ్జెక్టుని పట్టుకునేవాళ్ళు లేరు. మొదటి సంవత్సరం ఫిజిక్స్ తప్పాను, సప్లిమెంటరీలో ఎలాగో గట్టెక్కాను. అప్పుడు అమ్మ కోప్పడలేదు, తిట్టలేదు. చేపలు సర్దుకుంటూ, "రెండో ఏడు కూడా తప్పావంటే నాతో బజారుకొచ్చెయ్యవే. తప్పేం లేదు, నేను బతకట్లేదా" అంది. తప్పేం లేదన్న ఆ మాటకే నాకు భయమేసింది. నాకు చదువుకోవాలని ఉంది, ఆ మాట పైకి చెప్పే ధైర్యం లేదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు సాయంత్రం బండిలో అమ్మ సారుని పట్టుకుని, "మా పిల్ల ఎలా చదువుతుంది మాస్టారూ?" అని అడిగింది. ఆయన ఎంతో మర్యాదగా, "పసివేదల దాకా బాగానే వస్తోందండి. అక్కడే దిగిపోతోంది" అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ తలుపు గడియ వేసి మరీ అడిగింది, "పసివేదల్లో ఎవడున్నాడే?" అని. నా టెస్టు పేపర్లన్నీ నేల మీద పరిచి చూపించేదాకా నమ్మలేదు. చూశాక, చదువు వచ్చిన మనిషికి మాట తిన్నగా చెప్పడం రాదా అని ఆయన్ని తిట్టింది. మర్నాడు బండి దిగేటప్పుడు ఆయనకో కట్టపరిగె చేపల పొట్లం ఇవ్వబోయింది. ఆయన "మేము తినమండి" అని రెండు చేతులూ జోడించారు. పాపం, ఇంకెవరైనా ఇంకేదైనా ఇవ్వబోయినా అలాగే జోడించేవారు.

మార్చి దగ్గరపడితే మా కాలేజీల్లో ఒక ఆచారం ఉంది. ఏ ప్రశ్నలు వస్తాయో లెక్చరర్లు ముందే చెప్పాలి. నక్షత్రం ఒకటి పెడితే ముఖ్యం, రెండు పెడితే అతిముఖ్యం, మూడు పెడితే ఇక బోర్డువాళ్ళు ఫోన్ చేసి చెప్పినట్టే. కిందటేడు వచ్చింది ఈ ఏడు రాదు, రెండేళ్ళుగా రానిది ఈసారి ఖాయం. ఈ జాతకం చెప్పని లెక్చరరుకి కాలేజీలో గౌరవం ఉండదు. మేము అందరం కలిసి వెళ్ళి, "సార్, ఇంపార్టెంట్స్ చెప్పండి సార్" అని అడిగాం. ఆయన "రాసుకోండి" అన్నారు. అందరం పెన్నులు తీశాం. పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి విషయసూచిక మొత్తం చదివి వినిపించి, పుస్తకం మూసి, "ఒక్కటి కూడా వదలొద్దండి" అన్నారు.

ఆయన చెప్పకపోయినా ఖాయమైన ప్రశ్న ఏదో మాకు తెలుసు. డాప్లర్ ఫలితం. సిలబస్ మారిన దగ్గర్నుంచీ అది రాలేదు, కాబట్టి వచ్చి తీరాలి. రైలు కూత వేస్తూ మన వైపు వస్తుంటే ఆ కూత సన్నగా, హెచ్చుగా వినిపిస్తుంది. దాటి వెళ్ళిపోతుంటే బొంగురుగా దిగుతుంది. ఎందుకో లెక్క కట్టి చూపించాలి, అంతే. ఈ పాఠానికి మా సారు క్లాసంతటినీ రైల్వే గేటు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టారు. బండి వెళ్ళింది. "ఏం విన్నారండి?" అన్నారు. ఒకడు "రైలు సార్" అన్నాడు. సారు వాడి వైపు తిరిగి, "తమరిని సృష్టించినప్పుడు దేవుడు వేరే పనిలో ఉన్నాడండి" అన్నారు.

ఆ పాఠానికి ఆయన చెప్పిన నోట్సు నాలుగు పేజీలు. మేమంతా బట్టీ పట్టాం. నేను కామాలతో సహా పట్టాను. నాకు రాజమండ్రి చేరే దారి అదొక్కటే ఉందని తెలుసు. ఆ ఎనిమిది మార్కులు పడితే పాసు, లేకపోతే తట్ట.

పరీక్షకి రెండు రోజుల ముందు, సందేహాలు తీర్చే క్లాసుకి వెళ్తూ, బండిలో కూర్చుని ఊరికే పాఠ్యపుస్తకం వెనకున్న లెక్క ఒకటి నోట్సులో సూత్రం పెట్టి చేశాను. రైలు స్టేషను వైపు వస్తోంది, కూత ఎంత వినిపిస్తుంది అని. పెరగాల్సిన కూత తగ్గింది. మళ్ళీ చేశాను. మళ్ళీ తగ్గింది. నేను చేసింది కాబట్టి తప్పే అయి ఉంటుందని ఐదోసారి కూడా చేశాను. అప్పుడు పుస్తకంతో పోల్చి చూశాను. పుస్తకంలో భిన్నం కింద మైనస్ ఉంది, మా నోట్సులో ప్లస్ ఉంది. విషయం ఏంటంటే, సిలబస్ మారినప్పుడు ఆయన నోట్సు మొదటి పేజీ కొత్త పుస్తకం ప్రకారం మార్చి, మిగతా మూడు పేజీలు పాత పుస్తకానివే ఉంచేశారు. పాత లెక్కకి పాత గుర్తులు సరిపోతాయి, కొత్తదానికి కొత్తవి సరిపోతాయి. రెండూ కలిపి కుట్టిన ఈ బొంతలో మాత్రం, దగ్గరికొచ్చే రైలు దూరంగా పోతోంది. రెండేళ్ళుగా ఎవరూ చూడలేదు. బట్టీ పట్టేవాళ్ళకి రైలు ఎటు పోతే ఏంటి?

పక్కనే మా పాస్టరుగారి అమ్మాయి రూతు కూర్చుంది. చూపించాను. "ఏయ్, బైబిల్లో అయినా అచ్చుతప్పు ఉండొచ్చేమో గానీ సార్ నోట్సులో ఉండదే. నోరు మూసుకుని రాసెయ్" అంది. నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ రెండు వరసల అవతల ఆయనే కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, చెవి మీద సుద్దముక్కతో. వెళ్ళి కాగితం చేతిలో పెట్టాను. "సార్, కూత తగ్గుతోంది సార్" అన్నాను.

"తగ్గదండి" అన్నారు కళ్ళు తెరవకుండానే. తరవాత తెరిచారు. కాగితం చూశారు. చెవి మీది సుద్ద తీసి, బల్ల మీద గీతలు గీసుకుంటూ లెక్క కట్టారు. తుడిపేసి మళ్ళీ కట్టారు. చాగల్లు వచ్చింది, వెళ్ళింది. ఆయన ముఖం అలా ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు. తిట్టబోతున్నారని గుండె దిటవు చేసుకున్నాను.

"తమరు రాజమండ్రి చేరారండి" అన్నారు చివరికి. "భీమవరం బండెక్కింది నేను."

నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆయన వెంటనే, "ఎంతమంది బట్టీ పట్టారండి దీన్ని?" అని అడిగారు.

"అందరూ సార్."

"అందరూనా?"

"మీరు వదలొద్దన్నారు కదా సార్."

నిడదవోలులో దిగి ఆయన తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మేము వరండాలో నిలబడి విన్నాం. పిల్లలందరి ఇళ్ళకీ మెసేజ్ పంపాలని, నోట్సులో తప్పుందని రాయాలని ఈయన అడుగుతున్నారు. ఆ కాలేజీలో ఫీజుకీ, సెలవుకీ, అన్నిటికీ మెసేజ్‌లు పంపుతారు. ప్రిన్సిపాల్ నవ్వారు. "ఎల్లుండి పరీక్ష పెట్టుకుని మన నోట్సు తప్పని మనమే చెప్పుకుంటామా మాస్టారూ? పేరెంట్స్ ఊరుకుంటారా? అయినా అందరూ ఒకేలా రాస్తే, దిద్దేవాళ్ళు అదే కరెక్టనుకుంటారు" అన్నారు. ఆలోచిస్తే అందులో కూడా ఒక శాస్త్రం ఉంది. ఆ మాట ఎనిమిది మార్కుల ప్రశ్నగా ఇస్తే నేను చక్కగా రాసి ఉండేదాన్ని. సారు మాత్రం, "రైలు అలా అనుకోదండి" అని బయటికొచ్చేశారు.

ఆ రోజు సందేహాల క్లాసుకి వచ్చింది పదకొండు మందిమి. మాకు సరిచేసి చెప్పారు. మిగిలినవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని ప్లస్‌తో సహా వల్లె వేసుకుంటున్నారు.

పరీక్ష రోజు పొద్దున్నే సెంటరు దగ్గరికి వెళ్తే, గేటుకి కాస్త దూరంలో, ఆ రోజుకి మూయించిన జెరాక్స్ షాపు ముందు మా సారు నిలబడి ఉన్నారు. వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ ఆపుతున్నారు. "ఏమండీ, ఒక్క నిమిషం. డాప్లర్‌లో కింద మైనస్ రాయండి. దగ్గరికొచ్చే రైలు కూత పెరగాలి. చివర్లో పెరిగిందో లేదో చూసుకోండి. పెరగకపోతే తప్పు నాదండి, మీది కాదు." వినేవాళ్ళు విన్నారు. కొందరికి ఉన్నది కూడా పోయింది. ఒకమ్మాయి చెవులు మూసుకుని, "ఇప్పుడు చెప్పొద్దు సార్, నేను మొత్తం మర్చిపోతాను" అని ఏడ్చింది. సారు ఆ పిల్ల ముందు చేతులు జోడించి, "అయితే తమరు నేర్చుకున్నదే రాయండి" అని పక్కకి తప్పుకున్నారు.

అంతలో బందోబస్తు కానిస్టేబుల్ వచ్చాడు. "ఏంటి మాస్టారూ, చీటీలు అందిస్తున్నారా?" అన్నాడు. జీవితంలో ఒక్క ఇంపార్టెంట్ కూడా చెప్పని మనిషిని పట్టుకుని! ఆయన జేబులన్నీ బయటికి తీసి చూపించారు. ఒక దాంట్లో రుమాలు, ఒక దాంట్లో సుద్దముక్కలు. "చీటీ కాదండి, తప్పు దిద్దుతున్నాను" అన్నారు. "పేపరు ఇంకా రాయనే లేదు, అప్పుడే దిద్దడం ఏంటండి?" అన్నాడు కానిస్టేబుల్. దూరం జరగమన్నాడు. సారు పది అడుగులు జరిగారు. అక్కడ్నుంచి అరవడం మొదలుపెట్టారు. ఆయన గొంతు పెంచడం మేము అప్పుడే విన్నాం. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, చొక్కా వెనక చెమటతో తడిసిపోయింది, ఆయన మాత్రం "కింద మైనసండీ" అని కూరలు అమ్ముకునేవాడిలా అరుస్తున్నారు. నాకు సిగ్గేసింది, ఆయనంటే ఇష్టమూ కలిగింది. రెండూ ఒకేసారి.

డాప్లర్ వచ్చింది. జాతకం చెప్పినవాళ్ళు జీవితంలో మొదటిసారి నిజమయ్యారు. తప్పు కనిపెట్టిన మహాతల్లిని కదా, ధీమాగా మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ప్లస్ రాసింది. మూడు వారాలు కామాలతో సహా బట్టీ పట్టిన చెయ్యి మరి. కాగితం ఇచ్చేసే ముందు కూత పెరిగిందో లేదో చూశాను. పెరగలేదు. కొట్టేసి మైనస్ చేశాను.

అరవైకి ఇరవై రెండు వచ్చాయి. పాసుకి ఇరవై ఒకటి కావాలి. రూతు ఎంత చెప్పినా వినకుండా ప్లస్సే రాసింది, దానికి యాభై రెండు వచ్చాయి. ప్రిన్సిపాల్ చెప్పిన శాస్త్రం కూడా కొంత నిజమేనన్నమాట. అమ్మ మాత్రం ఆ ఒక్క మార్కునే తలుచుకుంటూ బజారంతా చెప్పుకుంది. ఇవాళ నేను రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నానంటే ఆ ఒక్క మార్కు చలవే.

జూన్‌లో మార్కుల మెమో తెచ్చుకోవడానికి కాలేజీకి వెళ్ళాను. సారు లేరు. కాలేజీ పరువు నడిరోడ్డు మీద పెట్టారని ఆయన్ని మానిపించేశారని ఆఫీసులో చెప్పారు. మేడ మీద మా పాత క్లాసులో కొత్త లెక్చరరు పాఠం చెబుతున్నాడు. పిల్లల చేతుల్లో ఒక పుస్తకం. మా సారు నోట్సే, కాలేజీ బొమ్మ పెట్టి అట్టవేసి అచ్చు వేయించారు. మొదటి పాఠమే అది. కిటికీలోంచి విన్నాను. కింద ప్లస్ అని చెబుతున్నాడు. మనిషిని మానిపించారు గానీ ఆయన చేసిన తప్పుని మాత్రం జాగ్రత్తగా ఉంచుకున్నారు.

నేను గుమ్మంలోకి వెళ్ళి, "సార్, అక్కడ మైనస్ అండి" అన్నాను.

"నువ్వెవరమ్మా?" అన్నాడాయన.

"ఫిజిక్స్ పాసైనదాన్నండి" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో!

ఆయన పుస్తకం తిప్పి చూసి, "అచ్చులో ప్లస్సే ఉంది కదమ్మా" అని పాఠం కొనసాగించాడు. డెబ్బై మంది తలలు వంచి రాసుకున్నారు.

బయటికొచ్చి సారుకి ఫోన్ చేశాను. పాసయ్యానని చెప్పాను. ఉద్యోగం పోయినందుకు ఏమనాలో తెలియక ఏదో గొణిగాను. తరవాత అచ్చు పుస్తకం సంగతి చెప్పాను.

"క్లాసులో ఎంతమంది ఉన్నారండి?" అన్నారు.

"డెబ్బై మంది ఉంటారు సార్."

"కాలేజీ ఎన్నింటికి వదులుతున్నారండి ఇప్పుడు?"

"నాలుగున్నరకి."

"అయితే రేపు నాలుగింటికే వస్తానండి."

నాకు ఏడుపొచ్చింది. "మిమ్మల్ని గేటు లోపలికి రానివ్వరు సార్" అన్నాను.

"తప్పు చేసింది లోపలేనండి. దిద్దడం బయట్నుంచైనా పరవాలేదు" అన్నారు.

వారం రోజులు వచ్చారు.